తప్పనిసరా, పనికొచ్చేదా?

పక్కింటి అమ్మాయి ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, చదువుతోంది, పొలిటికల్ సైన్స్. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. మా బరంపురంలో ఇలాంటి పిల్లలు వీధికి పదిమంది ఉంటారు. మొన్న సాయంత్రం పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. "నెసెసరీ" అన్న మాట మీద పెన్సిల్‌తో ఒడియా అక్షరాల్లో "ఆవశ్యక" అని రాసుకుంది.

"పిన్నీ, హామిల్టన్, జెఫర్సన్ దేనికి కొట్టుకున్నారు?"

"నువ్వు పెన్సిల్‌తో రాసిన ఆ మాటకే" అన్నాను.

1790 డిసెంబరులో అమెరికా ఖజానా మంత్రి హామిల్టన్ జాతీయ బ్యాంకు పెడదామన్నాడు. అమెరికా రాజ్యాంగంలో బ్యాంకు ఊసే లేదు. పన్నులు, అప్పులు, వర్తకం, సైన్యం అంటూ కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) అధికారాలన్నీ చెప్పి, చివర్లో వాటిని నడపడానికి "అవసరమైన, తగిన" చట్టాలు చేయొచ్చు అన్నారు. బ్యాంకు లేకుండా పన్నులు వసూలు కావా, కానప్పుడు కదా అవసరం అనాలి అన్నాడు విదేశాంగ మంత్రి జెఫర్సన్. అవసరమంటే పనికొచ్చేది, పని సులువు చేసేది అన్నాడు హామిల్టన్. అధ్యక్షుడు వాషింగ్టన్ ఇద్దరి రాతలూ తెప్పించుకుని చదివి, 1791 ఫిబ్రవరి 25న సంతకం పెట్టాడు. కోటి డాలర్ల మూలధనం, అందులో అయిదో వంతు ప్రభుత్వానిది, గడువు 20 ఏళ్లు.

రాజ్యాంగంలో పార్టీలన్న మాటే లేదు. ఈ తగవూ, అంతకుముందు రాష్ట్రాల అప్పులు కేంద్రం తీర్చాలా అన్న తగవూ కలిసి మనుషుల్ని రెండుగా చీల్చాయి. హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, జెఫర్సన్, మాడిసన్ల వైపు రిపబ్లికన్లు (ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు). ఎవరి పత్రిక వారిది. జెఫర్సన్ వైపు పత్రిక నడిపిన ఫ్రెనోకి ఆయన శాఖలోనే అనువాదకుడి ఉద్యోగం ఇచ్చారు.

చదువుకునే రోజుల్లో నేను జెఫర్సన్ మనిషిని. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు నుంచి ఇటు వచ్చిన ఊరు మాది. ఎక్కడో కూర్చున్నవాళ్లు గీత గీస్తే ఇంటి భాష బడి గుమ్మం దగ్గరే ఆగిపోతుందని తెలిసినదాన్ని. పైవాడికి ఇచ్చిన అధికారాన్ని బిగించి చదవాలి అనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

కానీ అదే జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక, 1803లో ఫ్రాన్స్ నుంచి ఒకటిన్నర కోట్ల డాలర్లకు లూసియానా ప్రాంతం కొన్నాడు. నేల కొనే అధికారం రాజ్యాంగంలో రాసిలేదని ఆయనకే అనుమానం. సవరణ ముసాయిదా కూడా రాసుకున్నాడు. ఆలస్యమైతే నెపోలియన్ మనసు మారుతుందేమోనని ముసాయిదా పక్కన పెట్టేసి ఒప్పందాన్ని సెనేటుకి పంపాడు. బ్యాంకుని వ్యతిరేకించిన మాడిసన్ కూడా అధ్యక్షుడయ్యాక 1816లో రెండో బ్యాంకు బిల్లుపై సంతకం చేశాడు.

"మాట మార్చేశారన్నమాట" అంది పిల్ల. నేను అలా అనలేను. బరువు నెత్తిన పడ్డప్పుడు ఆ చట్రం ఎంత ఇరుకో వాళ్లకి తెలిసింది.

నన్ను నిజంగా కదిలించింది 1819లో ఆ రెండో బ్యాంకు కేసు తీర్పులో సుప్రీంకోర్టు జడ్జి మార్షల్ చూపించిన చిన్న సంగతి. అదే రాజ్యాంగంలో మరోచోట, రాష్ట్రాలు దిగుమతి సుంకాలు వేసే విషయంలో, "పూర్తిగా అవసరమైతే తప్ప" అని రాశారు. బిగించాలనుకున్న చోట బిగించే మాటే వాడారు.

మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది, 1956లో చేర్చారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి అంటుంది. మా అబ్బాయి మూడో తరగతిలో ఉండగా తెలుగు మాస్టారు రిటైరయ్యారు. మరొకరు రాలేదు. అర్జీ పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే, అక్కడి ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. "ప్రయత్నించాలి అనుందమ్మా, ఇవ్వాలి అని లేదు." మావాడు ఇప్పుడు నాకు తెలుగు మెసేజీలు ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాడు.

పిల్లలకిచ్చిన మాటని అంత బిగించి చదవడం అన్యాయం. దాన్ని హామిల్టన్ చదివినట్టే చదవాలి.

ఆ అమ్మాయి పుస్తకం అంచున ఒకవైపు "తప్పనిసరి", ఒకవైపు "పనికొచ్చేది" అని రాసిచ్చాను. తెలుగు అక్షరాలు దానికి సరిగ్గా రావు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ, "పిన్నీ, ఈ 'ప' కింద ఉన్నదేమిటి?" అంది. అది 'ప' వత్తు అని చెప్పాను. వాటి కింద అవే రెండు మాటలు ఒడియా అక్షరాల్లో రాసుకుంది.