సాన్సెర్‌లో చెకుముకి రాళ్లు

నిన్న పారిస్ నుంచి వ్యాన్‌లో ఎనిమిది మందిమి సాన్సెర్ వెళ్లొచ్చాం. దాదాపు 200 కిలోమీటర్లు. లువార్ నది దగ్గర కొండ మీద ఊరు, చుట్టూ వాలు పొడవునా ద్రాక్ష తోటలే.

ముందు పక్కనే ఉన్న షావిన్యోల్‌లో ఆగాం. అక్కడి మేకపాల చీజ్‌కి ఆ ఊరి పేరే ఉంది: క్రొటాన్ ద షావిన్యోల్. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. లేతది తెల్లగా, మెత్తగా, కాస్త పుల్లగా ఉంటే నాకు గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు గుర్తొచ్చింది. బాగా ముదిరినదాని మీద నీలం బూజు! మొదట జంకాను. నోట్లో పెట్టుకున్నాక మాత్రం ఆ కమ్మదనం ఎంతసేపటికీ పోలేదు. నాకు అదే నచ్చింది.

తోటలో గైడ్ రెండు చెకుముకి రాళ్లు తీసి ఒకదానికొకటి గట్టిగా కొట్టి మా ముక్కుల దగ్గర పెట్టింది. అచ్చం దీపావళి మర్నాడు పొద్దున మా వీధిలో వచ్చే వాసన! ఆ నేలలో పండిన సోవిన్యోఁ బ్లాఁ అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైన్‌లోనూ ఆ వాసన వెతకమంది. రెండో గుక్కలో దొరికింది, నిజంగా.

ఇప్పుడు తెల్ల వైన్‌కి ఇంత పేరున్న ఈ ఊళ్లో ఒకప్పుడు ఎక్కువగా ఎర్ర ద్రాక్షే ఉండేదట. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా పురుగు వేర్లు తినేశాక, మళ్లీ నాటినప్పుడు తెల్లదానికి మారారు. 1936లో తెల్ల వైన్‌కి అధికారిక గుర్తింపు వచ్చింది. తోటలన్నీ పోయాక మళ్లీ మొదటి మొక్క నాటిన రైతుల గురించే దారంతా ఆలోచిస్తూ వచ్చాను.

ఒక చిన్న చెకుముకి రాయి అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు కిటికీలో ఉంది.