లక్నవరంలో మునగక మిగిలిన గుట్టలు

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు వెళ్లివచ్చిన వాళ్లు చాలా మంది వేలాడే వంతెన గురించే చెబుతారు. డిసెంబరులో కుటుంబంతో వెళ్లినప్పుడు నాకు మాత్రం వంతెన కంటే, అది తీసుకుపోయిన దీవి ఎక్కువ నచ్చింది. వరంగల్ నుండి ములుగు దాటి, గోవిందరావుపేట మండలంలోని చల్వాయి దగ్గర పెద్ద రోడ్డు విడిచి అడవిలోకి తిరిగితే చెరువు వస్తుంది.

దీవి మధ్యనున్న కాటేజీలను, ఫోటోల కోసం గుమిగూడిన జనాన్ని వదిలి, నేను ఒడ్డు వెంట నడిచాను. చెట్లు ఆగిపోయిన చోటుకూ నీటికీ నడుమ మొరం, నున్నటి రాళ్లు తేలిన బోడి నేల ఒక పట్టీలాగా దీవి చుట్టూ సాగింది. వానకాలంలో చెరువు నిండినప్పుడు నీరు అంతవరకూ వస్తుంది కాబట్టి అక్కడ మొక్క నిలవదు. ఆ గీతకు పైన మాత్రం తునికి, మద్ది, వెదురు దట్టంగా ఉన్నాయి. ఎదురుగా ఒడ్డునున్న గుట్టల మీదా అవే చెట్లు.

అందులో వింతేమీ లేదు, ఎందుకంటే ఈ దీవి కూడా ఒకప్పుడు ఆ వరుసలోని గుట్టే. 13వ శతాబ్దంలో కాకతీయులు ఇక్కడ చెరువు తవ్వించలేదు. గుట్టల మధ్య నీరు జారిపోయే సందులను వెతికి, వాటికి మాత్రమే కట్టలు పోయించారు. మిగిలిన గట్టు పని గుట్టలే చేశాయి. లోయ నిండాక, మునగని శిఖరాలు దీవులయ్యాయి. అవి 13 అని చెబుతారు. మైళ్ల కొద్దీ కట్ట పోయకుండా ఇంత నీటిని నిలిపిన ఆ చూపును, ఇక్కడికి దగ్గరలోనే ఉన్న రామప్ప శిల్పాన్ని మెచ్చుకున్నంతగా మనం మెచ్చుకోము. నా దృష్టిలో అది అన్యాయం.

పర్యాటకుల సందడిలో మరిచిపోతాము గానీ, లక్నవరం నేటికీ సాగునీటి చెరువే. యాసంగి (రబీ) నాట్లకు తూముల ద్వారా నీరు వదిలిన కొద్దీ మట్టం దిగుతుంది, దీవుల చుట్టూ ఆ బోడి పట్టీ వెడల్పవుతుంది. అందువల్ల దీవి అందం చూడాలనుకునే వారు చెరువు నిండి మత్తడి పోసే రోజుల తరువాత, నాట్లకు ముందు వెళ్లడం మంచిది. గుట్ట ఆకారం, పాత నీటి గుర్తులు చూడాలనుకుంటే మాత్రం ఎండాకాలమే సరైనది. నేను ఈసారి ఏప్రిల్‌లో వెళ్లాలనుకుంటున్నాను, ఎండకు ఇంట్లో ఎవరూ తోడు రామంటున్నా సరే.