మొదటి పీసీపీ ఎయిర్ రైఫిల్: నేను .22 దగ్గర ఎందుకు ఆగాను

పోయిన ఏడాది మార్చిలో ఒక ఎలుకని సగం చంపాను. ముందు ఆ రాత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అంగుళాల్లో, .22 అంటే అదే) గురించి నేను నిజంగా ఆలోచించడం మొదలుపెట్టింది ఆ రాత్రే.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి దక్షిణాన ఎల్లిస్ కౌంటీలో. ఆరెకరాల నేల, చిన్న ఇల్లు, వెనకాల రేకుల షెడ్డు, ముప్పై రెండు కోళ్ళు. కోళ్ళుంటే దాణా ఉంటుంది, దాణా ఉంటే ఎలుకలు రాకుండా ఉండవు. మొదట దాణా బస్తాలకి చిల్లులు పడ్డాయి. తర్వాత గుడ్లు మాయమయ్యాయి. ఒక పొద్దున్న చూస్తే పొదిగిన పదకొండు పిల్లల్లో నాలుగు లేవు.

మందు పెట్టొచ్చు కదా అని చాలామంది అన్నారు. మా షెడ్డు దూలం మీద గుడ్లగూబల జంట ఒకటి కాపురం ఉంటోంది. రక్తం గడ్డకట్టనివ్వని ఆ మందు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. అలాంటి ఎలుక గుడ్లగూబకి తేలిగ్గా దొరుకుతుంది, దాంతో మందు దాని ఒంట్లోకీ వెళ్తుంది. అందుకని మందు వద్దనుకున్నాం. తెనాలి దగ్గర మా ఊరికి ఫోన్ చేస్తే నాన్న, "ఎలుక బుట్టలు పెట్టుకో అబ్బాయ్, మన చేలల్లో పెట్టేవాళ్ళం కాదూ" అన్నారు. ఆ వెదురు బుట్టలు ఇక్కడెక్కడ దొరుకుతాయి! స్ప్రింగు బోన్లు తెచ్చి పెట్టాను. మూడో రోజే ఒక పెట్ట కాలు అందులో పడింది. బోన్లన్నీ తీసేశాను.

అప్పుడు ఒక షాపుకి వెళ్ళి ఎయిర్ రైఫిల్ అడిగాను. అక్కడి అబ్బాయి .177 స్ప్రింగు రైఫిల్ ఒకటి తీసి చూపించాడు. గొట్టం మడిచి లోడ్ చేసే రకం, చిన్నప్పుడు తిరనాళ్ళలో బెలూన్లు పేల్చినదానికి పెద్దన్నలాంటిది. అట్టపెట్టె మీద సెకనుకి 1300 అడుగుల వేగం అని పెద్దక్షరాలు. ఇంతకంటే పవర్‌ఫుల్ వద్దు సార్ అన్నాడు, నమ్మాను. ఆ వేగం తేలికపాటి లోహపు పెల్లెట్‌తో, అంటే ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుండుతో, కొలిచిందని నాకు తర్వాత తెలిసింది. సీసం పెల్లెట్ వేస్తే అంత రాదు. పైగా అంత బలమైన స్ప్రింగు కదిలినప్పుడు రైఫిల్ ముందుకీ వెనక్కీ రెండుసార్లు కుదుపుతుంది. దాన్ని ప్రతిసారీ ఒకేలా పట్టుకోవడం అలవాటు కాకపోతే గురి నిలవదు. నాకా అలవాటు లేదు.

ఇరవై గజాల దూరంలో ఎలుక. తలకి గురి పెట్టాను, నడుం దగ్గర తగిలింది. అది అరుస్తూ వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ దాణా డ్రమ్ము కిందికి దూరింది. ఆ అరుపుకి మా ఆవిడ టార్చి పట్టుకుని బయటికొచ్చింది. డ్రమ్ము జరిపి పారతో ఆ పని ముగించాను. తను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్తూ, "చంపితే ఒక్క దెబ్బకి చంపండి. లేకపోతే వదిలెయ్యండి" అంది. నాకు అంతకంటే పెద్ద నియమం ఇప్పటికీ తెలియదు.

మా ఎడమ పక్క స్థలంలో డెబ్బై దాటిన పెద్దాయన ఉంటారు. రిటైరైన మెషినిస్టు. సంగతంతా చెప్తే, శనివారం రమ్మన్నారు. ఆయన దగ్గర బెంజమిన్ మరాడర్ రైఫిళ్ళు మూడున్నాయి: .177, .22, .25. ఇవి పీసీపీ రకం. అంటే ముందే గాలి నింపి పెట్టుకునేవి. కారు టైరులో గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ ఉంటుందనుకుంటే, వీటి ట్యూబులో 3000 దాకా ఉంటుంది. స్ప్రింగు లేదు కాబట్టి కుదుపు దాదాపు లేదు. గాలితో పేలేది పిల్లల ఆటవస్తువు అనుకునేవాళ్ళకి ఆయనొక సంగతి చెప్తుంటారు: 1803లో బయల్దేరి అమెరికా పడమటి తీరం దాకా వెళ్ళిన లూయిస్, క్లార్క్ యాత్రలో గాలి రైఫిల్ ఒకటి ఉంది. అది అంతకుముందు ఆస్ట్రియా సైన్యం వాడిన గిరాండోనీ రకమని, .46 క్యాలిబర్ అని చెప్తారు.

మూడు రకాల పెల్లెట్లనీ ఆయన నా అరచేతిలో పోశారు. మూడిటిదీ ఒకటే ఆకారం: ముందు గుండ్రటి తల, మధ్యలో సన్నటి నడుం, వెనక బోలుగా విచ్చుకున్న పావడా. బుడబుక్కలవాడి డమరుకం గుర్తొచ్చింది. .177 అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు, లావు మినప గింజంత. .22 అయిదున్నర, కంది గింజనుకోండి. .25 ఆరుంపావు దాటుతుంది, ఎండు బఠాణీ దగ్గరికొస్తుంది. కానీ వేళ్ళకి తెలిసే తేడా లావుది కాదు, బరువుది. ఆయన వాడే జేఎస్‌బీ పెల్లెట్లలో .177ది 8.44 గ్రెయిన్లు, .22ది 18.13, .25ది 25.39. గ్రెయిన్ అంటే మన కంసాలి గురివింద గింజలాంటి లెక్కే, ధాన్యపు గింజ నుంచి వచ్చిన తూకం. పౌండుకి 7000 గ్రెయిన్లు. లావు కాస్తే పెరిగినట్టుంటుంది, బరువు మాత్రం రెట్టింపు దాటిపోయింది.

ఆ తర్వాత ఆయన ఒక కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. క్యాలిబర్ కొనేముందు ఈ లెక్క ఒక్కటి మీ చేత్తో మీరు వేసుకోండి. పెల్లెట్ బరువుని గ్రెయిన్లలో తీసుకోండి. వేగాన్ని, అంటే సెకనుకి ఎన్ని అడుగులో ఆ అంకెని, దాంతోనే గుణించండి. ఆ రెండిటినీ హెచ్చవేసి 450240తో భాగిస్తే వచ్చేది ఫుట్ పౌండ్లలో శక్తి.

ఇప్పుడు 30 ఫుట్ పౌండ్లు కావాలనుకుందాం. .22లో 18.13 గ్రెయిన్ల పెల్లెట్‌కి దాదాపు 860 అడుగుల వేగం సరిపోతుంది. అదే శక్తి .177లో 8.44 గ్రెయిన్ల పెల్లెట్‌తో రావాలంటే 1265 అడుగులు కావాలి. శబ్దం వేగం మామూలు రోజున 1125 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. డమరుకం ఆకారం ఆ గీత దగ్గరికి వెళ్తే తూలడం మొదలుపెడుతుంది. నడుం సన్నంగా, వెనక బోలుగా ఉన్న వస్తువు కదా, అది నింపాదిగా వెళ్ళడానికి చేసింది. పెల్లెట్లు బాగా గురి నిలిపేది 950 దాటనప్పుడే. అంటే మామూలు పెల్లెట్లతో .177కి ఎక్కువ పవర్ ఇచ్చి లాభం లేదు, ఇస్తే గురి పోతుంది. షాపులో నన్ను మురిపించిన 1300 అంకె అసలు వద్దనుకోవాల్సిన అంకె.

అలాగని .177ని తీసిపారెయ్యకండి. ఇంగ్లండ్, వేల్స్‌లో సర్టిఫికెట్ లేకుండా రైఫిల్‌కి 12 ఫుట్ పౌండ్లే గరిష్ఠం. అంత తక్కువ శక్తిలో .177 పెల్లెట్ 800 అడుగుల వేగంతో వెళ్తే, .22లో 15.89 గ్రెయిన్లది 583 దగ్గరే ఆగుతుంది. నెమ్మదిగా వెళ్ళేది ఎక్కువ కిందికి జారుతుంది కాబట్టి దూరం అంచనాలో రెండు మూడు గజాలు తప్పినా గురి తప్పుతుంది. అందుకే అక్కడ ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో (వేర్వేరు దూరాల్లో ఉన్న లోహపు బొమ్మల్ని పడగొట్టే ఆట) .177 రాజ్యమేలుతుంది. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కూడా ఇదే సైజు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది దీనితోనే. శక్తి పెరిగేకొద్దీ .22, ఆ పైన .25 ముందుకొస్తాయి. క్యాలిబర్‌ని పవర్‌తో కలిపి చూడాలి, విడిగా చూస్తే ఏదీ తేలదు.

ఆ రోజు గాలి బాగానే వీస్తోంది. యాభై గజాల దగ్గర కాగితం పెట్టి మూడిటితోనూ పదేసి కాల్చాను. .177 దెబ్బలు పక్కకి రెండు వేళ్ళ వెడల్పు కొట్టుకుపోయాయి. .22వి వేలు వెడల్పు దాటలేదు. .25వి ఇంకా తక్కువ. నిజం చెప్పాలంటే అప్పటికి నా మనసంతా .25 మీదే ఉంది. 860 అడుగుల దగ్గర అది 42 ఫుట్ పౌండ్లు ఇస్తుంది. ఎలుక కాదు కదా, రకూన్ (పిల్లికంటే పెద్దది, కోళ్ళ మీద పడే జంతువు) వచ్చినా ధైర్యంగా ఉంటుందనిపించింది.

ఆయన మాటల్లో ఏమీ చెప్పలేదు. పాత రేకు ముక్క ఒకటి తెచ్చి, మా షెడ్డు గోడకున్నలాంటిదే, ఇరవై అయిదు గజాల్లో నిలబెట్టారు. దాని ముందు తడిసిన న్యూస్‌పేపర్ల కట్ట ఒకటి, ఎలుక మందం. .25తో కొట్టమన్నారు. పెల్లెట్ కాగితాలు దాటి రేకుని గట్టిగా సొట్టబెట్టి, పక్కకి ఎగిరి ఎక్కడో గడ్డిలో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడడిగారు: ఇదే మీ కోళ్ళ దొడ్లో జరిగితే ఆ సీసం ముక్క ఎవరికి దొరుకుతుంది?

నాకు ఒళ్ళు జలదరించింది. కోడికి పళ్ళుండవు కదా. గింజలు నలగడానికి చిన్న చిన్న రాళ్ళు ఏరుకుని మింగుతుంది. సీసం పెల్లెట్ దానికి మంచి రాయిలాగే కనిపిస్తుంది. కోడి మింగిన సీసం గుడ్డులోకి వస్తుంది, ఆ గుడ్డు మా పిల్లల కంచంలోకి వస్తుంది. క్యాలిబర్ అంటే ఎలుకకి ఎంత గట్టిగా తగులుతుందని మాత్రమే అప్పటిదాకా లెక్కేశాను. ఎలుకని దాటిన తర్వాత పెల్లెట్ ఎక్కడికి పోతుందో అడగనే లేదు.

ఇంకో సంగతి గాలి. నేను కొనుక్కోగలిగింది చేతి పంపే, 4500 పీఎస్ఐ కార్బన్ ఫైబర్ ట్యాంకు అప్పట్లో నా బడ్జెట్‌లో లేదు. మరాడర్‌ని 2000 నుంచి 3000కి ఎక్కించడానికి చేతి పంపుతో నాకు వంద స్ట్రోకుల దాకా పడుతుంది, చివరి ముప్పై ఒంటి బరువంతా వేసి తొక్కినట్టే. ఆ గాలితో .22లో ఒక్కలాంటి దెబ్బలు ముప్పై దాకా వస్తున్నాయి. ఆయన .25లో పదహారు. మ్యాగజైన్‌లో ఒకసారికి పట్టే పెల్లెట్లు కూడా .22కి పది, .25కి ఎనిమిది. ఈ లెక్క చిన్నదిగా కనిపిస్తుంది కానీ సాధన అంతా దీని మీదే నడుస్తుంది. పంపు కొట్టడానికి బద్ధకిస్తే కాగితం మీద కాల్చడం తగ్గుతుంది, అది తగ్గితే మళ్ళీ మార్చి నాటి రాత్రే.

.22 కొన్నాను. పవర్ కొంచెం తగ్గించి 20 ఫుట్ పౌండ్ల దగ్గర పెట్టుకున్నాను. ఎలుకకి అది చాలా ఎక్కువే. నాలుగు రకాల పెల్లెట్లు చిన్న డబ్బాల్లో తెప్పించి ఒక్కోటీ యాభై కాల్చి చూశాను. తయారీ సంగతేమోగానీ ఒక్కో గొట్టానికి ఒక్కో పెల్లెట్ నచ్చుతుంది. నా గొట్టానికి 15.89 గ్రెయిన్లది నచ్చింది, ఇరవై అయిదు గజాల్లో అయిదు దెబ్బలు ఒకే చిల్లులోకి వెళ్తాయి. ఆయనది 18.13ని ఇష్టపడుతుంది. స్కోపు (గురి చూసే దుర్బిణి) కొనేటప్పుడు పది గజాల్లో కూడా బొమ్మ స్పష్టంగా కనిపించేదేనా అని చూసుకోండి. ఇంకోటి, స్కోపు గొట్టానికి పైన ఉంటుంది కాబట్టి ఇరవై అయిదు గజాలకి గురి సరిచేస్తే, పది గజాల్లో పెల్లెట్ ముప్పాతిక అంగుళం కిందికి పడుతుంది. ఎలుక తలలో మనం కొట్టాల్సిన చోటు రూపాయి బిళ్ళకంటే చిన్నది. దగ్గరే కదా అని ఊరికే నొక్కితే దవడ విరుగుతుంది, అది చావదు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా బావమరిది ఇది విని, "బావా, నాకూ అదే ఆర్డర్ పెట్టెయ్" అన్నాడు. ఆగమన్నాను. ఫెడరల్ చట్టం ఎయిర్ రైఫిల్‌ని ఫైర్‌ఆర్మ్‌గా చూడదు, కానీ న్యూజెర్సీ చూస్తుంది. అక్కడ కొనాలంటే ముందు ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు తీసుకోవాలి. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు కూడా తమ రాష్ట్రంతో పాటు తమ ఊరి నిబంధన చూసుకోవాలి, చాలా ఊళ్ళు హద్దుల్లోపల కాల్చనివ్వవు. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఈ క్యాలిబర్ చర్చ అంతా చదువుకోవడానికే. అక్కడ లైసెన్సు లేకుండా .177 వరకే, శక్తి 20 జూళ్ళు దాటకూడదు. కాగితం మీద సాధనకి అది మంచి సైజు. పిట్టల జోలికి మాత్రం వెళ్ళకండి.

.25 ఎవరికి? బాగా ఖాళీ నేల ఉండి, అరవై డెబ్బై గజాల్లో రకూన్ సైజు జంతువులతో ఇబ్బంది ఉండి, ట్యాంకు కొనగలిగి, వెనక మట్టి కట్ట ఉన్నవాళ్ళకి. జింకల కోసమైతే అది కూడా చాలదు, టెక్సస్‌లో 2018లో అనుమతి ఇచ్చినప్పుడే కనీసం .30 ఉండాలన్నారు.

ఇప్పుడు దొడ్డి బయట, దాణా డ్రమ్ముకి ఇరవై రెండు గజాల్లో ఒక స్టూలు వేసుకుంటాను. ఎలుకలు వచ్చే దారిని ఒక చెక్కపెట్టె ముందుకి మళ్ళించాను. పెట్టె నిండా రబ్బరు ముక్కలు కూరి ఉన్నాయి, పెల్లెట్ దేన్ని దాటినా అందులోనే ఆగుతుంది. ఎలుక పెట్టెకి ఎదురుగా వచ్చి నిలబడేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోదు. నిన్న రాత్రి గంటన్నర కూర్చున్నాను. రెండొచ్చాయి. ఒకటి పెట్టె ముందు ఆగింది, అక్కడే పడిపోయింది, కాలు కూడా కదపలేదు. రెండోది గోడవారగా వెళ్ళింది, వెనక కోళ్ళు పడుకున్న తలుపు. కాల్చలేదు. ఆదివారం పెట్టె విప్పి సీసం ఏరి, ఎన్ని కాల్చానో పుస్తకంలో రాసుకున్న అంకెతో సరిచూస్తాను. పోయిన వారం నలభై మూడు కాలిస్తే నలభై మూడూ దొరికాయి.