మునిగిన ఓడ సరుకు ఎవరిది? గుంటూరు నుంచి మోటుపల్లి దాకా

బ్రాడీపేటలో ఇడ్లీ తిని కారెక్కేసరికి ఏడు దాటింది. పక్కన మా బాబాయి. గుంటూరు కోర్టులో బీమా కేసులు వాదించీ వాదించీ జుట్టు నెరిసింది ఆయనకి. మిర్చి లారీ బోల్తా పడినా, గోడౌన్లో పొగాకు తడిసినా ఆయన దగ్గరికి ఫైలు వచ్చేది. మునిగిన ఓడల సరుకు గురించి మన తీరంలో ఏడున్నర శతాబ్దాల నాటి రాజాజ్ఞ ఒకటి రాతి మీద ఉందని చెప్పగానే "ఇన్నాళ్లూ చెప్పవేంరా, పద" అన్నారు.

పొన్నూరు, బాపట్ల దాటేదాకా ఆయనే మాట్లాడారు. "ఓడ మునిగిందనుకో. బీమా కంపెనీ నష్టమంతా కట్టేస్తే సరుకు యజమాని హక్కులు కంపెనీకి వస్తాయి. ఆ తర్వాత సరుకు ఒడ్డుకు చేరితే అడిగేది కంపెనీయే. మరి ప్రాణాలకు తెగించి దాన్ని బయటికి లాగినవాడు ఊరికే ఇస్తాడా? నా సొమ్ము నాకిచ్చి పట్టుకెళ్లమంటాడు."

ఆ సొమ్మునే సాల్వేజ్ అంటారు. ఇది రోజు కూలి కాదు. ఏమీ దక్కకపోతే సాధారణంగా ఏమీ రాదు. దక్కితే మాత్రం ఎంత ప్రమాదంలో దిగారు, ఎంత నేర్పు చూపారు, బయటపడిన సరుకు విలువెంత అన్నీ చూసి కోర్టు లెక్క కడుతుంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో మన తీరంలో చిక్కిన ఓడ మీదే దావా వేసి దాన్ని ఆపించాలంటే మద్రాసుకు పోవాల్సిందే. మొదట అక్కడి సుప్రీంకోర్టు, 1862 నుంచి హైకోర్టు. 1891 చట్టం కూడా ఇప్పటి మన దేశంలో ఆ అధికారాన్ని కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఇచ్చింది.

చీరాల దాటి మోటుపల్లి చేరాం. ఒకప్పుడు కాకతీయుల పెద్ద రేవు. ఇప్పుడు సముద్రం గుడికి దూరంగా ఉంది. వీరభద్రాలయం మండపంలోని స్తంభం మీద గణపతిదేవుడి అభయ శాసనం, క్రీ.శ. 1244-45 నాటిది. అరిగిన అక్షరాలు. బాబాయి కళ్లద్దాలు పైకి నెట్టి, ముఖం రాతికి ఆనించినంత దగ్గరగా పెట్టి చూశారు. నా దగ్గరున్న అనువాదం చదివి వినిపించాను. దేశం నుంచి దేశానికి పోతూ గాలివానకు దెబ్బతిని ఒడ్డున పడ్డ ఓడల నుంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. మేం మాత్రం నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వర్తకులకే వదిలేస్తున్నాం అంటాడు గణపతిదేవుడు. సుంకం ముప్పయ్యోవంతు.

బాబాయి ఒక్క నిమిషం ఆగి "మళ్లీ చదువు" అన్నారు. రెండోసారి చదివాను.

అక్కడే 1275 నాటి ఇంగ్లండ్ చట్టం గుర్తు చేశాను. ఓడ నుంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే సరుకును ఏడాదీ ఒక రోజూ భద్రం చేయాలి. ఆలోగా సొంతదారు రుజువు చూపితే అతనికి, లేదంటే రాజుకు. మన శాసనం అంతకు ముప్పయ్యేళ్లు ముందే ఉంది, పైగా పిల్లి బతికిందా లేదా అని అడగదు! నాకు ఒళ్లు పులకరించింది. ఇది బడి పుస్తకాల్లో ఒక పేరాతో వదిలేయాల్సిన విషయం కాదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ భరోసా వర్తకుడికి. అలల్లో దిగి సరుకు లాగేవాడికీ వాటా ఉందని మన కోర్టుల్లో చెప్పింది తెల్లవాళ్లు తెచ్చిన సాల్వేజ్ చట్టమే. ఒడ్డున వలలు సర్దుకుంటున్న బెస్తవాళ్లను చూసినప్పుడు ఆ హక్కు విలువ నాకు ఇంకా బాగా అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో బాబాయి ఎం.వి. ఎలిజబెత్ కేసు ఎత్తుకున్నారు. గోవా మార్మగోవాలో ఎక్కించిన సరుకు గురించి తగాదా. 1984లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ విదేశీ ఓడను విశాఖలో ఆపించింది. 1891 చట్టంలో ఈ కోర్టు పేరే లేదని ఓడవాళ్లు వాదించారు. ఆ పాత చట్టం దగ్గరే మన కోర్టుల అధికారం ఆగిపోదని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. 2017 చట్టం ఆ వలస చట్టాలను రద్దు చేసి, సాల్వేజ్ సొమ్మునూ బీమా ప్రీమియం బాకీలనూ ఓడ మీద వేయదగ్గ దావాల జాబితాలో చేర్చింది. బాపట్ల తీరంలో రేపు ఓడ చిక్కుకుంటే లాగినవాళ్లు మద్రాసు దాకా పోనక్కర్లేదు. హైకోర్టు అమరావతి నేలపాడులోనే ఉంది.