గూగుల్‌ని ప్రశ్న అడక్కండి, జవాబులో ఉండే మాట కొట్టండి

ఫ్రెండ్స్, 2024 ఫిబ్రవరి 25న జరిగిన గ్రూప్-2 ప్రిలిమ్స్ కోసం ఒంగోలు లాయర్‌పేటలో రూమ్ తీసుకుని చదివాను. ఊరు కందుకూరు. ఏ పుస్తకాలు చదవాలో అందరూ చెప్తూనే ఉన్నారు కాబట్టి, నేను నెట్‌లో వెతుక్కోవడం గురించే రాస్తున్నా. మొదటి మూడు నెలలు నాకది చేతకాలేదు.

ఒక మాక్ టెస్టులో సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం (శ్రీహరికోటలోని షార్) ఏ జిల్లాలో ఉందని అడిగారు. ఆలోచించకుండా నెల్లూరు అని పెట్టా. తప్పు. మార్కు రాకపోగా మూడో వంతు కోత. రూముకొచ్చి నోట్స్ తీస్తే నా చేతిరాతలోనే ‘శ్రీహరికోట – నెల్లూరు’ అనుంది, పక్కన ఎర్ర ఇంకుతో స్టార్ కూడా! 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాకి పోయింది. శ్రీహరికోట, నేలపట్టు పక్షుల కేంద్రం రెండూ దాంతోపాటే వెళ్లాయి. అదే రోజు మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి మారింది. సొంతూరు జిల్లా మారిందని తెలిసినోడిని, షార్ సంగతి పట్టించుకోలేదు. నేను చూసి నోట్స్ రాసుకున్న నెట్ పేజీ అంతకు ముందెప్పుడో రాసింది. (జిల్లాల హద్దుల విషయం మీరు పరీక్ష రాసే నాటికి మళ్లీ చూసుకోండి.)

నా రూమ్మేట్‌ది కావలి, రెండేళ్లు నెట్ సెంటర్‌లో పనిచేశాడు. నేను ‘వెలిగొండ ప్రాజెక్టు ఎప్పుడు పూర్తవుతుంది’ అని కొడుతుంటే చూసి నవ్వాడు. వచ్చినవన్నీ నాయకులు ఒకరినొకరు తిట్టుకునే వీడియోలే మరి. ‘‘నువ్వు అడిగేది కాదురా, రాసినోడు ఏ మాట రాసుంటాడో అది కొట్టు’’ అన్నాడు. సర్కారు కాగితాల్లో దాని పేరు పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. ఆ పేరుని ఇంగ్లిష్‌లో డబుల్ కోట్స్ మధ్య పెట్టి, పక్కన 43.5 టీఎంసీ అని చేర్చి, ఫైల్‌టైప్ అనే మాట, కోలన్, పీడీఎఫ్ కలిపి ఖాళీ లేకుండా కొట్టాడు. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల్లో కృష్ణా వరద నీళ్లు తెచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలకి ఇచ్చే లెక్కంతా రిపోర్టుల్లో దొరికింది. మా జిల్లా ప్రాజెక్టు అసలు పేరు నాకు ఆ రోజే తెలిసింది, సిగ్గుచేటు.

తర్వాత మిగతావి పట్టుబడ్డాయి. సైట్, కోలన్, జీఓవీ డాట్ ఇన్ అని కలిపి కొడితే ప్రభుత్వ సైట్లే వస్తాయి. అక్కర్లేని మాట ముందు మైనస్ పెడితే ఆ మాటున్న పేజీలు పోతాయి. ఆఫ్టర్, కోలన్, తేదీ పెడితే పాతవి తగ్గుతాయి. అయితే తేదీ కొత్తదైనా అంకె పాతది కావచ్చు. ప్రకాశం జనాభా 33.97 లక్షలని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తున్నారు. అది 2011 జనగణన లెక్క, చీరాల, అద్దంకి, కందుకూరు అన్నీ కలిసున్న పాత జిల్లాది.

తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో తంటా. చాలావాటిని ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైప్ చేసుంటారు. కంటికి తెలుగే, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి. అందులో తెలుగు మాట వెతికితే దొరకదు. అది లేదనుకోకండి, అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో వెతకండి, లేదా ఓపిగ్గా పేజీలు తిప్పండి. స్కాన్ చేసిన పాత జీవోలకీ చాలాసార్లు ఇదే గతి.

ఇప్పుడు గూగుల్ ఫలితాల పైన ఏఐ రాసిచ్చే నాలుగు లైన్లున్నాయి కదా, వాటిని నేను నోట్స్‌లోకి ఎక్కించను. కింద ఇచ్చిన లింకు తెరిచి, ఆ వాక్యం నిజంగా అక్కడుందో లేదో చూస్తా. కొన్నిసార్లు ఉండదు.

ఇంకోటి, డౌట్ వచ్చిన ప్రతిసారీ ఫోన్ తీస్తే ఆ పూట చదువు అయిపోయినట్టే. పగలు డౌట్లన్నీ మెస్ టోకెన్ల వెనక రాసుకుని రాత్రి తొమ్మిదికి అరగంటలో వెతికేవాళ్లం. రేపటికి మిగిలిన టోకెన్ల మీద కూడా నేనే గీకేశానని మా కావలివాడు ఇప్పటికీ దెప్పుతాడు.