పదిహేను కిలోలు తగ్గాక అసలు పని మొదలైంది

84 నుంచి 69కి రావడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఆ 69ని నిలబెట్టుకోవడంలో ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. తగ్గడానికి చిట్కాలు చెప్పేవాళ్ళు మా తిరుపతిలో వీధికొకరున్నారు. తగ్గినాక ఏం చేయాలో చెప్పేవాళ్ళే కనబడలేదు. అందుకని ఆ రెండో సంగతే ఎక్కువ రాస్తాను.

నన్ను కదిలించింది రక్తపరీక్ష. గాంధీ రోడ్డులో ఒక బట్టల అంగట్లో లెక్కలు రాస్తాను, పొద్దస్తమానం కుర్చీలోనే. నలభై దాటాక చేయించుకున్న పరీక్షలో ఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా షుగర్‌కి ముందు దశ, 6.5, ఆ పైన షుగరే. డాక్టరమ్మ భయపెట్టలేదు. "ఇరవై కిలోల మాట ఇప్పుడెత్తొద్దమ్మా, ముందు ఆరు తగ్గు చాలు" అన్నారు. ఆ ఆరు ఎక్కడిదో కూడా ఆమే చెప్పారు. అమెరికాలో ఇలాంటి ముందు దశ వాళ్ళ మీద చేసిన పెద్ద అధ్యయనం 2002లో వెలువడింది. ఒంటి బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదలాలి అని పెట్టుకున్న వాళ్ళలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 84లో 7 శాతం అంటే ఆరు కిలోలే. అది అందే అంకెలాగా కనబడింది నాకు.

"అన్నం మానేసి సంగటి తిను మా, ఇట్టే తగ్గిపోతావు" అని మా అత్తమ్మ మొదలు అందరూ అన్నారు. సంగటి నాకు ప్రాణం. కానీ నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 320 కేలరీలు, అదే బియ్యంలో 350. పెద్ద తేడా లేదు. పైగా సంగట్లో బియ్యం కూడా పడుతుంది కదా. రాగి గొప్పతనం పీచులో ఉంది, కాల్షియంలో ఉంది, కడుపు ఎక్కువసేపు నిండుగా ఉండటంలో ఉంది. రెండు ముద్దలు తినే చోట ఒక ముద్ద తిని, దానికి రెండింతలు ఆకుకూర పప్పో కూరో వేసుకుంటేనే బరువు కదులుతుంది. నేను అన్నం మానలేదు. మధ్యాహ్నం అన్నం, రాత్రి సంగటి, రెండూ కొలతతోనే.

నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది నూనె. మా ఇంట్లో నలుగురం, నెలకు ఐదు లీటర్ల చెనిక్కాయ నూనె అయ్యేది. మనిషికి రోజుకు నలభై మిల్లీలీటర్ల పైమాటే, అంటే సుమారు 340 కేలరీలు. ఎవరి కంచంలోనూ కంటికి కనబడకుండా అంత! మూడు లీటర్లకు దించాను. తాలింపుకు చెంచా పెట్టుకున్నాను, సాయంత్రం బజ్జీలు ఆదివారానికి పరిమితం చేశాను. మొదటి నెల ఇంట్లో కొంత సణుగుడు వినిపించింది, తర్వాత అలవాటైపోయింది. బజ్జీల బదులు ఉలవ గుగ్గిళ్ళో, ఉడికించిన గుడ్డో, చలికాలంలో అనపగింజలో వచ్చాయి. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి ఈ పప్పూ గుడ్డూ చాలా ముఖ్యం. ఆ కండ కోసమే కుర్చీలో కూర్చుని లేవడం, నీళ్ళ సీసాలు ఎత్తడం కూడా మొదలుపెట్టాను.

నడక పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీలో. మా ఊరి ఎండల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, వేసవిలో ఆరు గంటలకల్లా ముగించాల్సిందే. బాగా తగ్గినాకే కొండ మెట్లు ఎక్కాను. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా గుండెకు పని చెబుతుంది, ఆ తర్వాత చాలా దూరం సాఫీగా సాగి, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిలువు ఎక్కుడు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. దూరం తక్కువ, నిటారు ఎక్కువ. ఎక్కడం కాళ్ళతో, దిగడం బస్సులో: ఇది నా నియమం. దిగేటప్పుడే మోకాళ్ళ మీద భారం ఎక్కువ పడుతుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఎక్కకండి, దయచేసి.

69కి వచ్చాక ఆకలి పెరిగింది. నిజంగానే పెరిగింది, నా ఊహ కాదు. 2011లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, బరువు తగ్గిన ఏడాదికి కూడా ఆకలిని పెంచే హార్మోన్లు పాత స్థితికి రాలేదని తేలింది. తేలికైన ఒళ్ళు అదే నడకకు తక్కువ ఖర్చు చేస్తుంది కూడా. అంటే 84లో తిన్నట్టు 69లో తింటే మళ్ళీ 84కే ప్రయాణం. తగ్గినవాళ్ళు మళ్ళీ పెరిగితే "నోరు కట్టుకోలేదు" అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఒళ్ళే వెనక్కి లాగుతుంటే ఆ మనిషి ఎంత పోరాడిందో ఎవరికి తెలుసు?

అమెరికాలో 1994 నుంచి, బాగా తగ్గి ఆ బరువును నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు ఒకచోట రాసి పెడుతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది చేసేవి మామూలు పనులే: రోజుకు గంట కదలిక, వారానికోసారైనా తూకం, పొద్దున టిఫిన్ మానకపోవడం. నేను శుక్రవారం పొద్దున తూగుతాను. 71 నా గీత. దాటితే మొదటి ఏడాది కొలతలకు తిరిగి వెళ్ళిపోతాను, తగ్గేదాకా.

మా ఊళ్ళో ఉన్న కష్టం ఒకటి బయటి వాళ్ళకు తెలియదు. కొండకు వెళ్ళొచ్చిన ప్రతి చుట్టమూ లడ్డు తెస్తారు. ప్రసాదం వద్దనలేం, అనకూడదు కూడా. ఒక లడ్డు సుమారు 175 గ్రాములు, నెయ్యీ చక్కెరా నిండుగా. కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది అంగట్లో పనిచేసే పిల్లలకు పంచుతాను. పంచడం కూడా ప్రసాదానికి మర్యాదే. పెరటాసి నెల శనివారాల్లో స్వామికి తళిగ (నైవేద్యం) వేసినప్పుడు మాత్రం పులిహోర, పొంగలి, వడ అన్నీ తింటాను. ఆ రోజుల్లో లెక్క పెట్టుకోను.

పోయిన ఏడాది అమ్మకు ఒంట్లో బాగలేక రెండు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగాను. నిద్ర లేదు, క్యాంటీన్ తిండి, నడక లేదు. 73 అయింది. అమ్మ ఇంటికొచ్చాక మెట్ల జోలికి పోలేదు, పొద్దున నడక కూడా వెంటనే కుదరలేదు. నూనె చెంచా మళ్ళీ తీశాను, రాత్రి భోజనం ఏడున్నరకు మార్చాను, అంగడికి నడిచి వెళ్ళాను. సంక్రాంతికి ముందే 71 కిందికి వచ్చింది. ఏ1సీ ఇప్పుడు 5.5. ఏడాదికోసారి పరీక్ష మానొద్దన్నారు డాక్టరమ్మ. ఈసారి అమ్మనూ వెంటబెట్టుకుని వెళ్తున్నాను.