ఎక్స్‌రే చూసే మోడల్‌ని నమ్మాలంటే: నా అనుభవం

ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోథొరాక్స్‌ను పసిగట్టే మోడల్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాం) మీద కొంతకాలంగా పనిచేస్తున్నాను. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరి, ఊపిరితిత్తి కుంచించుకుపోయే స్థితి అది. చిన్నదైతే ఎక్స్‌రేలో సన్నటి గీతలా ఉంటుంది, తేలిగ్గా కంటికి ఆనదు. ముదిరితే నిమిషాల్లో ప్రాణం మీదకు రావచ్చు. చదవాల్సిన ఎక్స్‌రేలు పేరుకుపోయి ఉన్నప్పుడు ఇలాంటిది అడుగున పడిపోకుండా ముందుకు రావాలన్నదే నా ఆశ. డాక్టర్ చేసే పనిని లాక్కోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 2017లో అందరికీ అందుబాటులో పెట్టిన ఎక్స్‌రేలతో మొదలుపెట్టాను. 30,805 మందికి చెందిన 1,12,120 ఎక్స్‌రేలు అవి. ఒక్కొక్కరివి పలు ఎక్స్‌రేలు ఉన్నాయి కాబట్టి, శిక్షణకీ పరీక్షకీ విడదీసేటప్పుడు మనుషుల వారీగా విడదీశాను. అలా చేయకపోతే మోడల్ జబ్బుకు బదులు మనిషినే గుర్తుపట్టే ప్రమాదం ఉంది. అప్పుడు ఫలితాలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, కొత్త రోగి దగ్గర మాత్రం పనికిరావు.

అసలు చిక్కు లేబుళ్లది, అంటే ఏ ఎక్స్‌రేలో ఏ జబ్బు ఉందో చెప్పే గుర్తులది. ఈ ఎక్స్‌రేలకు ఉన్న లేబుళ్లు ఎవరో కూర్చుని చూసి పెట్టినవి కావు. రేడియాలజిస్టుల (ఎక్స్‌రేలు చదివే డాక్టర్ల) రిపోర్టుల్లోని వాక్యాల నుంచి ఒక ప్రోగ్రాం ఏరినవి. శిక్షణకు అవి సరిపోతాయేమో గానీ, పరీక్షకు వాటిని నమ్మడం నాకు ఇష్టం లేదు. అందుకే పరీక్షకు పెట్టుకున్న ఎక్స్‌రేలను రేడియాలజిస్టుల చేత మళ్లీ చదివించాను. ఒకరి అభిప్రాయం ఇంకొకరికి తెలియకుండా చదివి, తేడా వచ్చినవి కలిసి కూర్చుని తేల్చారు. ఈ పని మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

వాళ్లలో ఒకరికి ఒక ఎక్స్‌రే చూపించి, "ఇందులో గీతే లేదు కదా మేడం, ఎలా ఉందంటున్నారు?" అని అడిగాను.

"పడుకోబెట్టి తీసిందండీ ఇది. గాలి పైకి కాకుండా ముందువైపు చేరుతుంది. కింద ఈ మూల చూడండి, రెండో పక్క కంటే ఎంత లోతుగా, నల్లగా ఉందో."

ఇంకో దాంట్లో గీత స్పష్టంగా ఉంది, కానీ అది చర్మం మడత. ఆ గీత దాటాక కూడా ఊపిరితిత్తి రక్తనాళాలు కనిపిస్తున్నాయని చూపించారు. రెండు కళ్లూ, ఏళ్ల అనుభవమూ ఉన్నవాళ్లే ఆగి ఆలోచించే చోట "ఉంది, లేదు" అనే రెండు ముక్కల లేబుల్ ఎంత కరుకైనదో అప్పుడు అర్థమైంది.

శిక్షణ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామూలు ఫొటోల మీద ముందే నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్‌ని (మోడల్‌కి మూలమైన ప్రోగ్రాంని) తీసుకుని ఎక్స్‌రేల మీద మళ్లీ నేర్పించాను. ఈ డేటాలో న్యుమోథొరాక్స్ ఉన్నవి నూటికి ఐదు కూడా లేవు. అన్నిటికీ కళ్లు మూసుకుని "లేదు" అన్నా 95 శాతం సరిపోతుంది. కాబట్టి ఉత్త యాక్యురసీని, అంటే మొత్తంలో ఎన్ని సరిగ్గా చెప్పిందన్న లెక్కని నేను పట్టించుకోలేదు.

మోడల్ ఎక్స్‌రేలో ఏ భాగాన్ని చూసి నిర్ణయించిందో రంగుల్లో చూపించే గ్రాడ్-క్యామ్ అనే పద్ధతి ఉంది. అది పెట్టి చూస్తే, చాలా ఎక్స్‌రేల్లో మోడల్ చూపు ఊపిరితిత్తి అంచు మీద కాకుండా, చేరిన గాలిని బయటకు తీయడానికి వేసిన గొట్టం మీద ఉంది! గొట్టం వేశారంటే జబ్బును అప్పటికే ఎవరో కనిపెట్టారని అర్థం. మాకు కావాల్సింది ఇంకా ఎవరూ కనిపెట్టని కేసు. ఈ డేటాలో ఇలా జరుగుతుందని పరిశోధకులు ముందే రాశారు కాబట్టి, గొట్టం ఉన్నవి, లేనివి వేరు చేసి విడివిడిగా లెక్కగట్టాను. అనుకున్నట్టే గొట్టం లేనివాటిలో ఫలితం బాగా పడిపోయింది. అప్పటి నుంచి నేను ఎవరికి చూపించినా ఆ తక్కువ అంకెనే ముందు చూపిస్తున్నాను. నా దృష్టిలో అసలు ఫలితం అదే.

ఆ తర్వాత డాక్టర్లతో చర్చంతా మోడల్ ఎంత అనుమానం వస్తే "ఉంది" అనాలన్న దాని మీదే. వెయ్యి ఎక్స్‌రేల్లో పదింటిలో జబ్బు ఉందనుకుందాం. సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవాటిని పట్టే శాతం), స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాటిని లేదనే శాతం) రెండూ 90 శాతం ఉన్న మోడల్ ఆ పదిలో తొమ్మిదిని పడుతుంది. జబ్బు లేని 990లో 99కి కూడా "ఉంది" అంటుంది. అంటే 108 హెచ్చరికల్లో నిజమైనవి తొమ్మిదే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక, హెచ్చరిక మోగించే ఆలోచన డాక్టర్లే వద్దన్నారు. అనుమానం ఉన్న ఎక్స్‌రేని చదవాల్సిన వరుసలో ముందుకు జరిపితే చాలన్నారు. తప్పైతే పోయేది కొద్ది నిమిషాలే. నాకూ అదే న్యాయంగా అనిపించింది.

ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి (కొన్ని ఎక్స్‌రేల బొమ్మ మీదే పేరు అచ్చై ఉంటుంది, అది కూడా చెరపాలి), ఇప్పుడు ఆసుపత్రి ఎక్స్‌రేల మీద మోడల్‌ని తెర వెనక నడుపుతున్నాం. దాని అంచనా నమోదవుతుంది గానీ చదివే డాక్టర్‌కి కనిపించదు. తర్వాత రిపోర్టుతో పోల్చి చూస్తాం. గొట్టం లేని కేసుల్లో ఎంత సెన్సిటివిటీ ఉండాలో ముందే రాసిపెట్టుకున్నాం. అది అందుకునేదాకా ఎక్స్‌రేల వరుసని మోడల్ చేతికి ఇవ్వం.